చికెన్ నూడుల్ సూప్‌కు 24 గంటల వ్రతం అవసరం లేదు

వానలు పడి ఇంటికొకరు తుమ్మడం మొదలుపెట్టగానే ఒక సందేశం కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చి చేరుతుంది. ఒక్కో గ్రూపులో ఒక్కో రూపంలో తిరుగుతున్నా సారాంశం ఒకటే. చికెన్ నూడుల్ సూప్ ఇంట్లో చేసుకుని తాగితే జలుబు, జ్వరం, కీళ్ళ నొప్పులు, ఎముకల బలహీనత అన్నీ పోతాయి, యాంటీబయాటిక్‌తో పని లేదు. అయితే నియమాలు పాటించాలి. కోడి నాటుదే కావాలి, బ్రాయిలర్‌కు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు కాబట్టి. ముక్కలను కుళాయి కింద నాలుగైదుసార్లు కడగాలి. మరిగేటప్పుడు పైకి తేలే తెట్టు విషం, అందుకని మొదటి నీళ్ళు పారబోయాలి. ఎముకల్లోని కాల్షియం దిగాలంటే 24 గంటలు మరిగించాలి. రాత్రి పొయ్యి ఆపి, మూత పెట్టి వదిలేసి పొద్దున మళ్ళీ వెలిగించవచ్చు గానీ ఫ్రిజ్‌లో పెడితే శక్తి పోతుంది. నూడుల్స్‌కు మైనం పూత ఉంటుంది, ఉడికించిన నీళ్ళు పారబోయాలి.

ఇది చదివిన మామూలు గృహస్థుకు రెండే దారులు. రోజంతా పొయ్యి దగ్గర కాపలా కాయడం, లేదా ఇదంతా మన వల్ల కాదనుకుని పొడి ప్యాకెట్ చించి వేడినీళ్ళలో కలుపుకోవడం. గంటన్నరలో అయ్యే వంటకు ఇంత హంగామా చేసినందుకే నాకు ఈ సందేశం మీద కోపం. అందులో ఒక సలహా నిజంగానే ప్రమాదకరం, దాని సంగతి తర్వాత.

హార్మోన్ ఇంజెక్షన్ల మాట ముందు తేల్చుకుందాం, జనంలో బాగా పాతుకుపోయింది అదే కనుక. ఎదుగుదల హార్మోన్ ఒక ప్రొటీన్. దాణాలో కలిపితే కోడి కడుపులోనే అరిగిపోతుంది. పని చేయాలంటే సూదితోనే ఇవ్వాలి, అదీ మళ్ళీ మళ్ళీ. వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కొక్క దాన్నీ పట్టుకుని రోజూ సూది వేసే రైతు ఎక్కడ ఉంటాడు? కిలోకు నాలుగు రూపాయలు మిగిలితే చాలనుకునే వ్యాపారంలో ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

మరి ఆరు వారాలకే అంత బరువు ఎలా వస్తుంది? జాతి ఎంపిక వల్ల. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో ఈ విషయాన్నే పరీక్షించారు. 1957 నాటి జాతిని, 1978 నాటి జాతిని మార్పు లేకుండా కాపాడుకుంటూ వచ్చి, వాటిని 2005 నాటి వాణిజ్య బ్రాయిలర్‌తో కలిపి ఒకే దాణాతో పెంచారు. 56 రోజులకు తూచితే మొదటిది సుమారు 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగింది. 2014లో ఈ ఫలితాలు ప్రచురించారు. దాణా ఒకటే, తేడా అంతా పుట్టుకలో ఉంది.

బ్రాయిలర్ విషయంలో భయపడవలసింది వేరే ఉంది, దాని ఊసు మాత్రం సందేశంలో లేదు. బరువు కోసం, రోగాలు రాకుండా ముందుజాగ్రత్తగా దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడం నిజమైన సమస్య. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకోవలసిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్ళ పెంపకంలో వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది కూడా. మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకురావడం దీనివల్ల వచ్చే ముప్పు. అయితే ఆ సూక్ష్మజీవులూ మరుగుతున్న నీళ్ళలో చావవలసిందే. వాటికి భయపడవలసింది సూప్ గిన్నె దగ్గర కాదు, పచ్చి మాంసం పట్టుకున్న చేతుల దగ్గర, కోసిన చెక్క దగ్గర.

నాటుకోడి రుచికి నేను వ్యతిరేకిని కాను. పులుసు పెట్టుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ ఈ సూప్‌లో ముక్క వేళ్ళతో చీలిస్తే పోగులు పోగులుగా విడిపోవాలి, గరిటతో నూడుల్స్‌తోపాటు నోట్లోకి రావాలి. ముదురు నాటుకోడి అలా రావడానికి చాలాసేపు పడుతుంది. చౌకలో మంచి రసం కావాలంటే గుడ్లు పెట్టే వయసు దాటిన లేయర్ కోడి చక్కగా పనికొస్తుంది. అదీ దొరకకపోతే మామూలు చికెన్ దుకాణంలో మెడలు, రెక్కలు, బోన్‌లెస్ తీయగా మిగిలిన పక్కటెముకల గూడు, శుభ్రం చేసిన కాళ్ళు అడిగి తెచ్చుకోండి. ధర కూడా తక్కువే.

ఇక కడగడం. మన దుకాణాల్లో కొట్టిచ్చే చికెన్‌లో రక్తం, ఎముక తునకలు, అక్కడక్కడ ఈకల మొదళ్ళు ఉంటాయి కాబట్టి అసలు కడగవద్దని చెబితే ఎవరూ వినరు. కుళాయి ధార కింద కడగడం మాత్రం చెడ్డ అలవాటు. నీళ్ళు చింది సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి సూక్ష్మజీవులు పక్కనున్న టమాటాల మీదకు, గిన్నెల మీదకు చేరతాయి. బేసిన్‌లో నీళ్ళు పోసి అందులో ముక్కలను మెల్లగా కడిగి, ఆ తర్వాత సింకును, చేతులను సబ్బుతో కడగండి. పసుపు, ఉప్పు పట్టిస్తే నీచు వాసన తగ్గుతుందేమో గానీ సూక్ష్మజీవులు చావవు. ముక్క లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ చేరితే చస్తాయి, సూప్‌లో అది ఎలాగూ చేరుతుంది.

తెట్టు విషం కాదు. మాంసంలోంచి, రక్తంలోంచి నీళ్ళలోకి దిగిన ప్రొటీన్లు వేడికి గడ్డకట్టి బూడిదరంగు నురగలా పైకి తేలతాయి. గుడ్డు తెల్లసొన గట్టిపడటమూ ఇలాంటిదే. తీసేయకపోతే రసం మడ్డిగా కనిపిస్తుంది, అంతే. చైనా, వియత్నాం వంటవాళ్ళు ఎముకలను ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబోసే మాట నిజమే, అది రసం అద్దంలా రావడం కోసం. ఇంట్లో చల్లటి నీళ్ళతో మొదలుపెట్టి, సెగ తగ్గించి, మొదటి పావుగంటలో తెట్టును గరిటతో తీసేస్తే సరిపోతుంది.

అసలు గొడవంతా 24 గంటల దగ్గర ఉంది.

ఎముకలో కాల్షియం ఉన్నమాట నిజం. అది ఫాస్ఫేట్‌తో కలిసి స్ఫటికంగా బిగిసి ఉంటుంది, మామూలు నీళ్ళలో దాదాపు కరగదు. మీరు ఒక రోజు మరిగించినా, రెండు రోజులు మరిగించినా అది నీళ్ళలోకి వచ్చేది అతి స్వల్పం. ఇంట్లో చేసిన కోడి రసం ఒక కప్పులో కాల్షియం సాధారణంగా 20 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. అదే కప్పు పాలల్లో సుమారు 300 మిల్లీగ్రాములు. 100 గ్రాముల రాగుల్లో 340కి పైనే. పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేశాయి. సూప్‌తోనే ఆ లెక్క తీర్చాలంటే రోజుకు కనీసం 50 కప్పులు తాగాలి. వెనిగర్ పోస్తే కాల్షియం కొంత ఎక్కువ దిగుతుందన్నది నిజమే. రెండు లీటర్లకు ఒక చెంచా పోస్తే వచ్చే తేడా మాత్రం చెప్పుకోదగ్గది కాదు, చెప్పుకోదగ్గంత పోస్తే అది సూప్ కాదు, పులుసు. ఎముకల బలం కోసమే అయితే రాగి సంకటి తిని, సూప్‌ను దాని రుచి కోసం తాగండి.

కీళ్ళ నొప్పుల వాదన కొంచెం తెలివైనది. చర్మంలో, కాళ్ళలో, రెక్కల కణుపుల్లో ఉండే కొలాజెన్ అనే ప్రొటీన్ నిజంగానే రసంలోకి దిగుతుంది. వేడికి దాని పేటలు విడిపోయి జెలటిన్‌గా మారతాయి. పెదవులు కాస్త అంటుకునేలా చేసే ఆ చిక్కదనం దానిదే. హైదరాబాద్ పాయా తిన్నవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. కానీ మనం తాగిన జెలటిన్ మన మోకాలికి నేరుగా వెళ్ళి అతుక్కోదు. మిగతా ప్రొటీన్లలాగే కడుపులో అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా అరుగుతుంది. వాటిని ఎక్కడ వాడుకోవాలన్నది శరీరం ఇష్టం. పైగా జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేదు, కాబట్టి ప్రొటీన్‌గా చూసినా పప్పుకు, గుడ్డుకు సాటి రాదు.

మరి ఎంతసేపు మరిగించాలి? కిలో ఎముక ముక్కలకు రెండు లీటర్ల నీళ్ళు, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, దొరికితే రెండు సెలెరీ కాడలు, పది మిరియపు గింజలు, ఒక బిర్యానీ ఆకు. సెలెరీ దొరక్కపోతే కొత్తిమీర కాడలు వేసుకోండి, రుచి వేరుగా ఉంటుంది గానీ బాగుంటుంది. తెర్లనివ్వకుండా, అక్కడక్కడ బుడగ పైకి వచ్చేంత సన్నని సెగ మీద గంటన్నర నుంచి రెండు గంటలు. ఆ పైన ఎముకల నుంచి కొత్తగా వచ్చే రుచి తక్కువ, కూరగాయల సువాసన ఆవిరైపోయి రసం చప్పబడుతుంది. జెలటిన్ కూడా విరిగి చిక్కదనం తగ్గుతుంది. కండ ఉన్న ముక్కలను 20 నిమిషాలకే తీసి, చీలికలు చేసి పక్కన పెట్టుకుని, వాటి ఎముకలను తిరిగి గిన్నెలో వేయండి. 24 గంటలు ఉడికిన కండ పీచుతో సమానం.

ప్రెషర్ కుక్కర్ ఉంటే ఇంకా సులువు. లోపల 120 డిగ్రీల దరిదాపుల వేడి ఉంటుంది కాబట్టి మొదటి విజిల్ తర్వాత సెగ తగ్గించి 40 నిమిషాలు ఉంచితే రెండు గంటల పని అయిపోతుంది. ఆవిరిని బలవంతంగా వదలకండి. ఒక్కసారిగా వదిలితే లోపల రసం తెర్లి మడ్డిబారుతుంది.

జలుబు సంగతి చెప్పేటప్పుడు నిజాయితీగా ఉండాలి, ఎందుకంటే ఇందులో కొంత సత్యం ఉంది. 12వ శతాబ్దపు యూదు వైద్యుడు మైమొనిడెస్ కోడి రసాన్ని రోగులకు సిఫారసు చేశాడు. 1978లో అమెరికాలోని మయామీ బీచ్ వైద్యులు 15 మంది ఆరోగ్యవంతుల మీద చిన్న పరీక్ష చేశారు. వేడి చికెన్ సూప్ తాగాక ముక్కులో చీమిడి కదిలే వేగం నిమిషానికి 6.9 మిల్లీమీటర్ల నుంచి 9.2కు పెరిగింది. వేడినీళ్ళు తాగినప్పుడు కూడా 6.2 నుంచి 8.4కు పెరిగింది. అరగంట గడిచేసరికి మళ్ళీ మామూలే. 2000లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్యుడు స్టీఫెన్ రెన్నార్డ్ తన భార్య అమ్మమ్మ పద్ధతిలో చేసిన సూప్‌ను పరీక్షించాడు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల కదలికను అది నెమ్మదింపజేసింది. జలుబులో వచ్చే వాపు, ముక్కు దిబ్బడ ఆ కారణంగా తగ్గవచ్చని ఊహ. కానీ ఆ పరీక్ష జరిగింది ప్రయోగశాల పాత్రల్లో, జలుబు చేసిన మనుషుల్లో కాదు. సందేశం రాసినవాళ్ళు ఈ 'తగ్గవచ్చు'ను 'జలుబు పోతుంది'గా మార్చేశారు.

వేడి ఆవిరి ముక్కును తెరుస్తుంది, ఉప్పునీరు ఒంటికి పడుతుంది, నోటికి ఏదీ సహించని రోజున నాలుగు గరిటలు లోపలికి పోతాయి. మన మిరియాల చారు చేసేదీ అదే. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ అనవసరమన్న మాట కూడా సరైనదే, అయితే అందులో సూప్ గొప్పతనం ఏమీ లేదు, జలుబు వైరస్ వల్ల వస్తుంది కనుక. వానకాలపు జ్వరం డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. జ్వరం తగ్గకుండా ఉంటే రక్తపరీక్ష చేయించుకోవాలి. సూప్ ఆ ప్రయాణానికి ఓపిక ఇస్తే చాలు.

ప్రమాదకరమని ముందే అన్నది రాత్రంతా మూత పెట్టి వదిలేయమన్న సలహాను. మరిగించినంత మాత్రాన సూక్ష్మజీవులన్నీ చావవు. క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ లాంటివి గట్టి పెంకు కట్టుకుని 100 డిగ్రీలను కూడా తట్టుకుంటాయి. పెద్ద గిన్నెలో రసం మెల్లగా చల్లారుతూ 45 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంటే వాటికి అంతకన్నా మంచి చోటు లేదు. పైన మూత, లోపల గాలి తక్కువ, తిండికి మాంసరసం. పొద్దునకు లెక్కలేనన్ని అవుతాయి. నిన్నటి సూప్ తాగి మధ్యాహ్నానికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటే దిష్టి తగిలిందనుకోకూడదు. గిన్నెను చల్లటి నీళ్ళున్న తొట్టిలో పెట్టి, రసాన్ని చిన్న పాత్రల్లోకి మార్చి రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. మూడు రోజులు బాగుంటుంది, ఫ్రీజర్‌లో రెండు నెలలు. దాని 'శక్తి' ఎక్కడికీ పోదు.

మైనం కథ చిన్నది. నూడుల్స్‌కు మైనం పూయరు. ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను నూనెలో వేయించి ఆరబెడతారు, 1958లో జపాన్‌లో మోమొఫుకు ఆండో కనిపెట్టిన పద్ధతి అది. నీళ్ళ మీద తేలేది ఆ నూనె, నీళ్ళను జిగురుగా చేసేది పిండి. ఆ నూడుల్స్ ఈ సూప్‌కు నాకు నచ్చవు, కారణం మైనం కాదు, నూనె వాసన. హక్కా నూడుల్స్ మేలు. ఇంకా ఓపిక ఉంటే 200 గ్రాముల మైదాలో రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కలిపి, అరగంట నాననిచ్చి, పల్చగా వత్తి చాకుతో సన్నగా కోసుకోండి. రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతాయి. నలుగురికి సరిపోతాయి.

వేరే నీళ్ళలో ఉడికించమన్న సలహా మాత్రం, కారణం తప్పైనా, మంచిదే. సూప్‌లోనే ఉడికిస్తే పిండి దిగి రసం గంజిలా అవుతుంది. మిగిలిన సూప్‌లో నూడుల్స్ వదిలేస్తే రాత్రికి రాత్రి రసమంతా పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకని రసం వేరుగా, చీల్చిన చికెన్ వేరుగా దాచి, నూడుల్స్ ఏ పూటకు ఆ పూట ఉడికించుకోండి. మర్నాడు ఫ్రిజ్ తెరిచి చూస్తే రసం జెల్లీలా గడ్డకట్టి ఉంటే పాడైందని పారబోయకండి, అది బాగా దిగిన జెలటిన్. పైన పేరుకున్న కొవ్వును చెంచాతో తీసి, కావలసినంత గిన్నెలో వేసి బాగా మరగనివ్వండి. ఉప్పు, నిమ్మరసం చివర్లో.