అమ్మ నీళ్లెందుకు తాగడం లేదో అడిగారా?

బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో మనవళ్లను చూసుకోవడానికి వచ్చిన తెలుగు అమ్మల్లో కొందరు సాయంత్రం పార్కు దాకా కూడా దిగరు. మోకాళ్లంటారు, కన్నడం రాదంటారు. దగ్గినా, తుమ్మినా, పిల్లాణ్ని ఎత్తుకున్నా మూత్రం లీకై చీర తడుస్తుందేమోనన్న భయం మాత్రం బయటపెట్టరు. కూతురికే చెప్పరు, ఇక కోడలికేం చెబుతారు? ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే పొద్దుటి నుంచే నీళ్లు మానేస్తారు.

దీన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోవడం అన్యాయం. కాన్పుల్లో సడలిన కటి కండరాలు (మూత్రాశయాన్ని కింద నుంచి మోసేవి), నెలసరి ఆగాక తగ్గే ఈస్ట్రోజెన్ హార్మోను, అధిక బరువు, మలబద్ధకం, షుగర్ జబ్బు, అలాగే బీపీకి వాడే కొన్ని మాత్రలు దీనికి కారణాలు. చాలామందికి వైద్యంతో ఉపశమనం దొరుకుతుంది. అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ కటి కండరాల వ్యాయామాల గురించి రాసింది 1948లో! మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు ఆ కండరాలను బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. మూత్రానికి వెళ్లినప్పుడు కాదు, మామూలు సమయంలో. ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగా నేర్చుకుని కనీసం 3 నెలలు చేస్తే దగ్గుకూ తుమ్ముకూ లీకయ్యే బాధ చాలామందికి తగ్గుతుంది. ఉన్నట్టుండి ఆపుకోలేనంత అర్జెంటుగా వచ్చేవారికి మూత్రానికి వెళ్లే మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే బ్లాడర్ ట్రైనింగ్ ఉంది, మాత్రలున్నాయి. దగ్గితే లీకయ్యేది వ్యాయామాలకు లొంగకపోతే మూత్రనాళానికి పట్టీతో ఆసరా ఇచ్చే స్లింగ్ ఆపరేషన్ ఉంది.

నీళ్లు మానేస్తే మాత్రం కష్టం పెరుగుతుంది. మూత్రం చిక్కబడి బ్లాడర్‌ను రెచ్చగొడుతుంది, మలబద్ధకం ముదురుతుంది. రాత్రి కంగారుగా బాత్‌రూమ్‌కి లేచి జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు. అప్పుడు ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరిగెడతారు. అంతకుముందు నెలల తరబడి ఆవిడ నీళ్లు తాగకపోయినా ఎవరూ గమనించరు.

ఈ వయసులో మామూలే, రచ్చ చేసి ఆమెను సిగ్గుపడేలా చేయడమెందుకని అడిగేవాళ్లున్నారు. ఆమె మర్యాద కాపాడాలనే ఉద్దేశం మంచిదే. కానీ కంట్లో శుక్లాలూ వయసుతో వచ్చేవే. వాటికి ఆపరేషన్ చేయిస్తున్నాం కదా!

అయినా నా కోపం ఇంటివాళ్లకంటే ఊరి మీదే ఎక్కువ. కర్ణాటకలో 2023 జూన్ నుంచి స్థానిక మహిళలకు బస్సు ఉచితం. అదే డిసెంబరులో తెలంగాణ, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టాయి. మంచి పథకమే, నేను సమర్థిస్తాను. కానీ సిల్క్‌బోర్డ్ నుంచి కేఆర్ పురం దాకా ట్రాఫిక్‌లో ఇరుక్కున్న 65 ఏళ్ల మనిషి మధ్యలో ఎక్కడ దిగాలి? నీళ్లొచ్చే, గడియ పడే టాయ్‌లెట్ ఎక్కడుంది? ఉచిత ప్రయాణానికి ఇచ్చే జీరో టికెట్లు ఎన్ని కోట్లు దాటాయో ప్రభుత్వాలు గర్వంగా చెబుతాయి. ఈ భయంతో అసలు బస్సే ఎక్కని ఆడవాళ్లు ఆ లెక్కలోకి రారు. శానిటరీ న్యాప్‌కిన్లపై జీఎస్టీ 2018లో ఎత్తేశారు, అదీ ఆడవాళ్లు గట్టిగా అడిగాకే. పెద్దల డైపర్లపై పన్ను అప్పుడు అలాగే ఉండిపోయింది. వీళ్ల తరఫున అడిగిందెవరు?

బీపీ, షుగర్ చూసే ప్రభుత్వ బస్తీ ఆస్పత్రులైన నమ్మ క్లినిక్కుల్లో 50 దాటిన ప్రతి ఆడమనిషినీ దగ్గితే లీకవుతోందా అని నర్సే ముందుగా అడగాలి. నగరపాలక సంస్థలు పెద్ద బస్టాపులన్నిటి దగ్గరా ఆడవాళ్ల టాయ్‌లెట్ కట్టి, దాన్ని శుభ్రంగా ఉంచే మనిషికి ప్రతి నెలా జీతం ఇవ్వాలి. ఉచిత బస్సుకు డబ్బు దొరికిన చోట దీనికీ దొరకాలి.