వెనక సీటు బేరం

కవలలు పుట్టడంతో మా ఇంట్లో జనం ఏడుగురయ్యారు. ఉన్న ఆల్టోలో అమ్మానాన్నలను ఎక్కిస్తే పిల్లలు మిగులుతారు, పిల్లలను ఎక్కిస్తే డైపర్ల బ్యాగు మిగులుతుంది. ఇక సెవెన్ సీటర్ తప్పదు. బడ్జెట్ నాలుగు లక్షలు కాబట్టి పాతదే. ఆర్సీలో ఏడు సీట్లు అని ఉంటే డ్రైవర్‌తో కలిపే ఏడు, మాకు సరిగ్గా సరిపోతాయి. అత్తగారు వస్తే ఎలా అన్న ప్రశ్న ఎవరూ ఎత్తలేదు. నేనైతే అసలే ఎత్తలేదు.

పాలమూరులో పాత బండి కొంటున్నామని ఒక్క చెవిన పడితే చాలు, సలహాలకు కొదవుండదు. నాన్న మనసు ఇన్నోవా మీద. 2005లో క్వాలిస్ పోయి ఇన్నోవా వచ్చినప్పటి నుంచీ ఆయన మాట అదే. కానీ పదేళ్లు తిరిగిన ఇన్నోవాకు కూడా ఓనర్లు చెప్పే రేటు వింటే, బండితో పాటు డ్రైవర్‌ని కూడా ఇస్తారేమో అనిపిస్తుంది. బావమరిది ఎర్టిగా పార్టీ. మైలేజీ వస్తుంది, పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. అయితే అతనికి డీజిలే కావాలి. 2020లో బీఎస్6 అనే కాలుష్యం రూల్ వచ్చాక డీజిల్ ఎర్టిగా ఆపేశారు, కాబట్టి అంతకుముందుదే వెతకాలి. చిన్నాన్న మాత్రం టవేరా అగ్గువకు వస్తుందన్నాడు. ఎందుకు రాదు? దాన్ని తయారుచేసిన షెవర్లే వాళ్లు 2017లోనే మన దేశంలో అమ్మకాలు ఆపేసి వెళ్లిపోయారు.

ఈలోగా ఒక బ్రోకర్ దొరికాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, రెండు ఫోన్లు. మా ఊరి దగ్గరి మన్యంకొండ స్వామిని ఉలి ముట్టని దేవుడు, చెక్కని పాదాలు, తవ్వని కోనేరు అని చెప్పుకుంటాం కదా, అదే వరసలో తను చూపించిన సెవెన్ సీటర్‌ని పొగిడాడు: "స్పానర్ ముట్టని ఇంజన్, పెయింట్ పడని డోర్లు, తిప్పని మీటర్ అన్నా! డాక్టర్ సాబ్ బండి. ఆదివారం ఒక్కరోజే బయటికి తీసేది."

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో బండ్లన్నీ డాక్టర్లవే. మన జిల్లాలో ఇంతమంది డాక్టర్లున్నా ఆస్పత్రుల్లో లైన్లు ఎందుకు తగ్గవో!

"2015 మోడల్ అన్నా" అన్నాడు. మా పెద్దది నంబర్ ప్లేటు చదివి, "మరి ఏపీ 22 అని ఉందేంటి?" అంది. తెలంగాణ వచ్చింది 2014 జూన్‌లో. ఆ తర్వాత ఇక్కడ రిజిస్టర్ అయిన బండికి టీఎస్ 06 ఉండాలి, 2024 మార్చి దాటితే టీజీ. బ్రోకర్ తడుముకోలేదు. "పాత సిరీస్ పాపా, ఫ్యాన్సీ!" అన్నాడు. ఆర్సీ తీయిస్తే 2012. పదిహేనేళ్లు నిండగానే ఫిట్‌నెస్ చేయించి రెన్యూవల్ చేసుకోవాలి, అంటే 2027లో ఆ ఖర్చు మా నెత్తినే.

మెట్టుగడ్డ నుంచి మెకానిక్‌ని పిలిపించాం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూశాడు. వరదలో మునిగిన బండి అయితే అక్కడ బురద గీత దొరుకుతుందట. ఇందులో లేదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీశాడు, పొగ పెద్దగా రాలేదు. బ్రేక్ పెడల్ మీద రబ్బరు మాత్రం గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. మీటర్లో 62 వేలు. "ఇంజన్ పర్వాలేదన్నా, మీటర్‌కే వయసు తగ్గింది" అని తేల్చేశాడు.

టెస్ట్ డ్రైవ్‌కి మన్యంకొండ ఘాట్ ఎక్కిద్దామన్నాడు నాన్న. ఇంటిల్లిపాదీ తయారయ్యారు. ముందు సీటు నాన్నది. మధ్యలో మా ఆవిడ, కవలలు, పెద్దది, వాళ్ల సామాను. "నేను చివర్ల కూసుంట" అంది అమ్మ. కందిపప్పు కొన్నా బస్తా అడుగున చెయ్యి పెట్టి చూసే మనిషి ఆమె. బ్రోకర్‌కి మరో చోటు లేక ఆమె పక్కనే ఇరుక్కున్నాడు.

రాయచూర్ రోడ్డు మీద అంతా బాగానే ఉంది. కొండ ఎక్కడం మొదలయ్యాక తెలిసింది, ఏసీ గాలి మధ్య సీటు దాటదని. చివరి వరుసలో తెరుచుకునే కిటికీ లేదు. అద్దంలోంచి చూస్తే బ్రోకర్ మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, తెల్ల చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అమ్మ కొంగుతో విసురుకుంటూ, "డాక్టర్ సాబ్ ఎన్నడన్న ఈడ కూసున్నడా?" అని అడుగుతోంది.

పైకి చేరి ముందూ మధ్యా కూర్చున్నవాళ్లం దిగాం. చివరివాళ్లు దిగాలంటే మధ్యలో ఎడమవైపు సీటు మడవాలి. లివర్ లాగాను. సీటు కదల్లేదు కానీ లివర్ నా చేతికొచ్చింది.

డిక్కీ తెరిచాం. అమ్మ వైపు సీటు వెనక్కి వాలింది. బ్రోకర్ వైపుది బిగుసుకుపోయింది. అమ్మ దిగితేనే అతనికి దారి. అమ్మ ఆ సంగతి అందరికంటే ముందే గ్రహించింది. చీర సర్దుకుని స్థిరంగా కూర్చుంది.

"రేటెంతన్నవ్ బిడ్డా?"

"ఐదు ఇరవై ఐదు పెద్దమ్మా. ముందు దిగుదాం, కింద మాట్లాడుకుందాం."

"నాకేం తొందర లేదు. మూడున్నర."

"ఓనర్ ఒప్పుకోడు పెద్దమ్మా!"

"రెండు ఫోన్లున్నయ్ గద, జెయ్యి."

చేశాడు. ఆ ఇరుకులో ఫోన్ చెవి దాకా పోక స్పీకర్ పెట్టాడు. అవతలి గొంతు తాపీగా, "ఏ బండి? స్కూల్ పిల్లలను తిప్పినమే, ఆ తెల్లదా?" అంది.

బ్రోకర్ కళ్లు మూసుకున్నాడు. పెడల్, మీటర్, లివర్... అన్నిటికీ జవాబు ఒక్కసారే దొరికింది. రోజుకు రెండు పూటలా పిల్లలు ఎక్కి దిగితే ఏ లివర్ ఆగుతుంది?

అక్కడి నుంచి బేరం చకచకా దిగింది. నాలుగు ముప్పై, నాలుగు పది, మూడు తొంభై. నాన్న అద్దం మీద తట్టి తన షరతులు చెప్పాడు: బండి పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద ఓనర్ సంతకాలు, బ్యాంకు అప్పుంటే తీరినట్టు కాగితం, పధ్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ మా పేరుకు మారాలి. లోపలి నుంచి అన్నిటికీ "సరే సార్" అనే వినిపించింది.

అమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా డిక్కీలోంచి దిగింది. వెనకే బ్రోకర్ ఒక కాలు బయటపెట్టాడు.

"ఆగు బిడ్డా" అంది అమ్మ, డిక్కీ తలుపు మీద చెయ్యి వేసి. "లివర్ ఖర్చు ఎవలు వెట్టుకుంటరు?"