స్టాప్‌వాచ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్టాప్‌వాచ్ గారికి,

ప్రాథమిక పాఠశాల మైదానంలో తమరు దర్శనమిస్తే ఇక పాఠం ఉండదు, తీర్పే. రెండో తరగతి పిల్లవాడు 50 మీటర్లు పరిగెత్తుకొస్తాడు. తమరు 11.37 అని సెలవిస్తారు. ఆ చివరి 7 ఎక్కడిదండీ? తమరి మీట నొక్కేది మనిషి బొటనవేలు. గీత దగ్గర ఊదిన విజిల్ 50 మీటర్ల అవతలికి వినపడేసరికే సుమారు 0.15 సెకను గడిచిపోతుంది. అందుకే శబ్దం విని కాదు, జెండా దిగడం చూసి నొక్కాలి. పెద్దల పరుగుపందేల్లో కూడా చేతి టైమును పదో వంతుకే, అదీ పైకి సవరించి రాస్తారు. అంటే 11.4. చిన్నపిల్లల దగ్గరే తమరికి ఇంత పట్టుదల!

పోనీ, 11.4తో చేసేదేమిటి? ఒకే తరగతిలో ఇద్దరి మధ్య ఏడాది తేడా ఉండొచ్చు. ఆరేళ్ళవాడికి అది బతుకులో ఆరో వంతు. తమరు కొలిచింది నైపుణ్యమో, పుట్టినరోజో!

బంతి విసరడంలో తమరి చెల్లెలు టేపుదీ ఇదే వరస. కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకేసే బలశాలికి ఎక్కువ మార్కులు వస్తాయి, ఆ తప్పు ఐదో తరగతిదాకా వాడితోనే ఉంటుంది. చూడాల్సినవి వేరు: పక్కకు తిరిగి నిలబడ్డాడా, ఎదురుకాలు ముందుకేశాడా, నడుము తిరిగాకే భుజం తిరిగిందా, వదిలాక చెయ్యి ఒంటికి అడ్డంగా కిందికి వచ్చిందా. పిడికిట్లో ఇమిడే బంతే ఇవ్వాలి, పెద్దదైతే రెండు చేతులూ వాడేస్తాడు. దగ్గర్లో గురి పెట్టకూడదు, మెల్లగా వేసి ఊరుకుంటాడు. ‘నీ బలమంతా పెట్టి విసురు’ అనాలి.

1985లో డేల్ ఉల్‌రిచ్ తొలిసారి ప్రచురించిన టీజీఎండీ, అంటే పరుగు, విసరడం లాంటి పెద్ద కదలికల్లో పిల్లల నైపుణ్యం చూసే పరీక్ష, పద్ధతి ఇదే. ముందు చేసి చూపిస్తారు, ఒకసారి అలవాటుకు చేయనిస్తారు, తర్వాతి ప్రయత్నాలకు లెక్క. ఒక్కో లక్షణం కనబడితే 1, లేకపోతే 0. పరుగులో చేతులు కాళ్ళకు వ్యతిరేక దిశలో కదలాలి, మోచేతులు వంగాలి, క్షణమైనా రెండు పాదాలూ నేల వదలాలి. ఇవి పక్కనుంచి చూస్తేనే తెలుస్తాయి. తమరు ఎప్పుడూ ముగింపు గీత దగ్గరే కదా! నలుగురిని ఒకేసారి పరిగెత్తిస్తే ఎవరి మోచెయ్యీ కనబడదు, ఒక్కొక్కరినే పంపాలి.

తమరిని పూర్తిగా వెళ్ళగొట్టం లెండి. మూడు నెలల తర్వాత అదే పిల్లవాడిని, అదే నేలమీద, అవే బూట్లతో, అదే బొటనవేలు కొలిచేటప్పుడు కబురంపుతాం. అప్పుడు కూడా పక్కవాడి టైము మాత్రం చెప్పకండి.

ఇట్లు,
తమరి అంకెలు రిజిస్టరులో ఎక్కించే వ్యాయామోపాధ్యాయులు