క్రీసస్ అడగని ప్రశ్న

విధి గురించి ప్రాచీన గ్రీకుల ఆలోచనలపై నేను చదివిన ఒక వ్యాసంలో, వారి దృష్టిలో మనిషి విధి చేతిలో కీలుబొమ్మ మాత్రమేనని వ్యాసకర్త తేల్చేశారు. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన లిడియా (నేటి టర్కీ పశ్చిమ ప్రాంతం) రాజు క్రీసస్ కథ చదివిన వారికి ఆ మాట ఒప్పుకోవడం కష్టం. పర్షియా మీదికి యుద్ధానికి వెళ్లవచ్చునా అని క్రీసస్ గ్రీసులో జోస్యానికి పేరుపొందిన డెల్ఫీలోని అపోలో దేవుడి ఆలయానికి దూతలను పంపితే, వెళ్తే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందని సమాధానం వచ్చింది. క్రీ.పూ. 546 ప్రాంతంలో పర్షియా రాజు సైరస్ లిడియా రాజధాని సార్డిస్‌ను పట్టుకోవడంతో కూలినది క్రీసస్ రాజ్యమే.

ఆ తరువాతి ఘట్టమే ఈ కథకు ప్రాణం. బందీ అయిన క్రీసస్ తన సంకెళ్లను డెల్ఫీ గుడి గడప మీద పెట్టించి, ఇన్ని కానుకలు సమర్పించిన వాణ్ణి మోసగించడం గ్రీకు దేవతల ఆచారమా అని అడిగించాడు. విధిని దేవుడు సైతం తప్పించలేడని, రాజును చంపి సింహాసనమెక్కిన ఐదో తరం పూర్వికుడు గైజీస్ పాపానికి ఇది ఫలితమని, అయినా అపోలో ఆ పతనాన్ని మూడేళ్లు వాయిదా వేయించాడని పూజారిణి జవాబు చెప్పింది. ఆమె అక్కడితో ఆగలేదు. కూలేది ఎవరి సామ్రాజ్యమో మరోసారి కనుక్కోకపోవడం క్రీసస్ తప్పేనని స్పష్టంగా చెప్పింది. అది విని, నేరం దేవుడిది కాదు, తనదేనని క్రీసస్ అంగీకరించాడు. విధి ముందే నిర్ణయమై ఉన్నా మనిషిని బాధ్యత నుంచి తప్పించని ఈ ఆలోచనకు వ్యాసంలో చోటు దక్కకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది.