ఎగరని విమానానికి ఎన్ని పైపులు?

వరంగల్‌లో విమాన పరిశ్రమ లేదని బాధపడేవాళ్లకు అసలు సంగతి తెలియదు. మామునూరు విమానాశ్రయాన్ని నిజాం జమానాలో 1930లో కట్టారు, 1981లో మూసేశారు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ పచ్చజెండా ఊపింది. అదనంగా కావాల్సిన 253 ఎకరాల కథను మనమంతా పేపర్లో సీరియల్‌లాగా చదివాం. ఇన్నేళ్లూ హన్మకొండలో ఒక మేడమీది గదిలో, కంప్యూటర్ టేబుల్ మీద సగం జాగాలో విమానాల తయారీ మాత్రం ఆగలేదు. భూసేకరణ లేదు, ధర్నాలు లేవు. నిర్వాసిత అయింది ఒక్క కీబోర్డు. దానికి మంచం మీద పునరావాసం కల్పించాం.

మేము స్కేల్ మోడలర్లం. అసలు విమానాన్ని 72వ వంతుకు తగ్గించి ప్లాస్టిక్‌లో చేస్తాం. పెట్టెలో వచ్చిన ముక్కలను వచ్చినట్టే అతికించి, రంగేసి, షోకేసులో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు సుఖంగా నిద్రపోతారు. వాళ్లతో మాకు పని లేదు. అసలైన మోడలర్ పైసలు పోసి కిట్ తెప్పించి, మొట్టమొదట దాన్ని రంపంతో కోస్తాడు.

మన అజీత్‌నే తీసుకోండి. బ్రిటన్‌లో పుట్టిన ఫోలాండ్ నాట్ విమానాన్ని బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసింది. 1965 యుద్ధంలో అది పాకిస్తాన్ సేబర్ జెట్లను కూల్చి ‘సేబర్ స్లేయర్’ అని పేరు తెచ్చుకుంది. దాన్నే 1970ల్లో మెరుగుపరిచి అజీత్ చేశారు. మరి చేతికి అందే కిట్ ఏది? ఎయిర్‌ఫిక్స్ వాళ్ల నాట్. అది రెండు సీట్ల శిక్షణ విమానం, పైగా బ్రిటన్ వైమానిక దళపు విన్యాసాల జట్టు రెడ్ ఆరోస్ వాళ్ల ఎర్రరంగు. దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 7.32 మీటర్లు, అజీత్‌వి 6.73 మీటర్లు. మన స్కేలులో ఆ తేడా 8 మిల్లీమీటర్లు, అంటే రెక్కకు నాలుగు చొప్పున కోత. ముక్కు పొట్టి చెయ్యాలి, వెనక సీటు ఎగరగొట్టాలి, తోక తగ్గించాలి. అజీత్‌లో రెక్కల లోపల కూడా ఇంధనం పడుతుంది, కింద జాగా ఆయుధాలకు మిగులుతుంది కాబట్టి వాటిని తగిలించే పైలాన్లు నాలుగూ ప్లాస్టిక్ షీటుతో చెక్కుకోవాలి. ఇవన్నీ అయ్యాక కిట్‌లో పనికొచ్చేవి చక్రాలూ, పెట్టె మీది బొమ్మా. బొమ్మలో రంగు కూడా మనది కాదు.

ముడిసరుకుకు దిగుమతులు అక్కర్లేదు. ఇన్సులిన్ సూది కొస తీస్తే గాలివేగం కొలిచే పిటో ట్యూబు. ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాన్ని కొవ్వొత్తి మీద మెత్తబరిచి రెండు చేతులా లాగితే ఏంటెన్నా తీగ. ఫెవిక్విక్ చుక్క మీద వంటసోడా చల్లితే, కళ్లు మూసి తెరిచేలోగా సందు పూడిపోతుంది. గోలీల పట్టీ వెనక రేకుతో సీటు బెల్టులు. మా అత్తమ్మ బీపీ గోలీ వేసుకునే వేళకు రోజూ పక్కన నిలబడుతుంటే, అల్లుడికి తన పానం మీద ఎంత ఫికరో అని నలుగురికీ చెప్పుకుంది. నా చూపు పట్టీ మీద ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇక ఇజెక్షన్ సీటు. దానికి పసుపు నలుపు చారల పిడి ఒకటి ఉంటుంది, ప్రమాదం వస్తే పైలట్ గుంజేది. పాత చార్జర్ వైరు తోలు ఒలిచి, లోపలి రాగిపోగుల్లోంచి ఒక్కటి తీసి, టూత్‌పిక్ కొసకు చుట్టి వంచాలి. పసుపు వేసి ఆరనివ్వాలి. తర్వాత కుంచె వెంట్రుకలన్నీ కత్తిరించి, మిగిలిన ఒక్కదానితో ఊపిరి బిగబట్టి నల్ల చారలు దిద్దాలి. మనిషి వెంట్రుక మందం ఇంచుమించు 0.07 మిల్లీమీటర్లు. 72తో గుణిస్తే 5 మిల్లీమీటర్లు. అంటే తలలోంచి రాలిన వెంట్రుక కాక్‌పిట్‌లో పడితే అది వెంట్రుక కాదు, పైలట్ కాళ్లకు అడ్డంపడే కేబుల్. అందుకే ఫ్యాన్ బంద్. ఓరుగల్లు మే నెలలో ఫ్యాన్ బంద్ పెట్టి కూర్చున్నవాడి దేశభక్తిని శంకించే హక్కు ఎవరికీ లేదు.

సీటు అయ్యాక చక్రాల గదిలో హైడ్రాలిక్ పైపులు. ఒక్కో పైపుకూ ఫొటోలు చూసి, కొలిచి, వంపు తిప్పి, అతికించి, రంగేసి, ఆ రంగు మీద కొంచెం మురికి కూడా వేస్తాం. తర్వాత విమానాన్ని చక్రాల మీద నిలబెడతాం. పైపులన్నీ టేబుల్‌ను చూస్తూ ఉండిపోతాయి. సీటు మీద కాక్‌పిట్ అద్దం మూత పడుతుంది.

ఎవరూ చూడనిదానికి ఇంత తిప్పలెందుకని అడిగేవాళ్లకు మా దగ్గర కాకతీయుల జవాబు ఉంది. వేయిస్తంభాల గుడి కిందా, రామప్ప కిందా పునాదిలో ఇసుక నింపారు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పోయినవాళ్లంతా నాగిని శిల్పం ముందు సెల్ఫీ దిగుతారు, ఇసుకతో దిగినవాణ్ని నేను చూడలేదు. గుడిని నిలబెట్టింది మాత్రం ఇసుకే. ఇంకో దగ్గరి పోలిక కూడా ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, మళ్లీ పేర్చి, 2024లో తెరిచారు. మా లెక్కలో అది మామూలు స్పీడే.

ఈ కాలపు పనులు మాత్రం తిరగేసిన కాకతీయం. శిలాఫలకానికి కరీంనగర్ గ్రానైట్, అక్షరాలకు బంగారు రంగు, చుట్టూ రంగుల లైట్లు. కింద మోరీకి వాలు ఉందా అంటే, నీళ్లను అడగాలి. అవి కదలకుండా నిలబడే జవాబు చెబుతాయి.

ఇంటికొచ్చిన చుట్టాలు మోడల్‌ను చేతిలోకి తీసుకుని అడిగే ప్రశ్న ఒక్కటే. “ఎగురుతదా బావా?” ఎగరదని చెప్పగానే “మరి గింత కష్టమెందుకు?” అని కింద పెడతారు, ఏంటెన్నా విరిగే కోణంలోనే పెడతారు. మామునూరును ఈ ప్రశ్న అడిగిన చుట్టం ఒక్కరూ లేరు.

మాలోనే ఇంకో జాతి ఉంది, విమానం రేకులను బిగించే రివెట్లు కూడా లెక్కపెట్టేవాళ్లు. వాళ్లు వచ్చి టీ కూడా తాగకముందే మోడల్‌ను తిరగేసి, ఫోన్ టార్చి వేసి, చక్రాల గదిలోకి తొంగిచూసి, “మూడో పైపు ఎడమకు పోవాలె కదన్నా” అంటారు. అలాంటివాళ్లను మేము ఇంటికి పిలవం. కానీ ప్రభుత్వం పిలవాలి. ఒక్కణ్ని తీసుకుని ఊళ్లో మోరీలు, కల్వర్టులు, కొత్త బిల్డింగుల బిల్లులు పాస్ చేసే కుర్చీలో వేయండి. రిబ్బన్ కత్తిరించే టైముకు ఆయన స్లాబు కింద బోర్లా పడుకుని కడ్డీలు లెక్కపెడుతుంటాడు. వారంలో ట్రాన్స్‌ఫర్ చేస్తారు, తెలుసు. చెయ్యనివ్వండి. ఎక్కడికి పంపినా టార్చి వెంట తీసుకునే పోతాడు.