పరిస్థితి అదుపులోనే ఉంది

“నియంత్రణ” అనే మాట వినగానే నాకు కొంచెం భయం వేస్తుంది. ధరల నియంత్రణ అని ప్రకటన వచ్చిన మర్నాడే సరుకు దుకాణాల్లోంచి మాయమవుతుంది. దోమల నియంత్రణ వాహనం పొగ వదులుతూ వీధిలోకి వస్తే మనుషులు దగ్గుతూ బయటికి పరుగెత్తుతారు, దోమలు ఇంట్లోనే ఉంటాయి. అందుచేత దక్షిణ ఇంగ్లండ్‌లో గొర్రెలూ కోళ్లూ కొంత గోధుమా పెట్టుకుని బతికే నా మిత్రుడు “శనివారం రాత్రి నక్కల నియంత్రణకు వెళ్తున్నాను, మీరూ రండి” అన్నప్పుడు, “ఇప్పటికి ఎన్ని పెరిగాయి?” అని అడిగాను. ఆయన నవ్వలేదు. బాధ్యతాయుతమైన పనిలో ఉన్నవారు నవ్వరని ఆ రాత్రి నాకు మరికొన్నిసార్లు తెలిసివచ్చింది.

ముందుగా ఒక సవరణ. మన సామెతల్లో తిరిగే నక్క, ఊరి బయట ఊళపెట్టే నక్క, జంతుశాస్త్రం లెక్కలో జాకాల్. ఇంగ్లండ్‌లో ఉండేది ఎర్ర నక్క. దానికి మన దేశంలో దగ్గరి దాయాది గుంటనక్క. ఎదుటివాడిని తిట్టడానికి తప్ప మనం ఆ పేరు ఎత్తం కాబట్టి ఆ ప్రాణి ఎలా ఉంటుందో చాలామంది చూసి ఉండరు. ఎర్ర నక్క బరువు 6, 7 కిలోలు. దానిమీదికి ఆ రాత్రి బయలుదేరిన బృందం బరువు, సామగ్రితో కలిపి, నా అంచనాలో 200 కిలోలు దాటింది.

సామగ్రి ఇది: ఒక రైఫిలు, దాని మూతికి చప్పుడు తగ్గించే గొట్టం, పైన వేడిని పసిగట్టే థర్మల్ స్కోపు, చేతిలో విడిగా మరో థర్మల్ దుర్బిణి, రైఫిలుకు నాలుగు కాళ్ల ఊతం, కుందేలు ఏడుపు వినిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, దాని రిమోటు, రిమోటుకు అదనపు బ్యాటరీలు, రెండు ఫ్లాస్కుల టీ, ఒక నోటు పుస్తకం. పుస్తకం నాకు అప్పగించారు. అందులో నిలువు గీతలు కొట్టి ఉన్నాయి: తేదీ, గాలి దిశ, కనిపించినవి, నియంత్రించినవి, వ్యాఖ్యలు. “కాల్చినవి” అనే గడి లేదు. “చంపినవి” అసలే లేదు. మాట మెత్తనైతే తూటా కూడా మెత్తబడుతుందని కాబోలు.

మనకు నడివేసవి అంటే రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. అక్కడ నడివేసవి అంటే జూన్ మూడో వారం, స్వెట్టరు మీద కోటు. పైగా రాత్రి అనేది దాదాపు ఉండదు. సూర్యుడు 9:20 ప్రాంతంలో అస్తమించి, 5 కాకముందే మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ఆ మధ్యలో కూడా దిగంతం కింద మరీ లోతుకు దిగడు. ఖగోళ శాస్త్రజ్ఞులు పూర్తి చీకటి అని ఒప్పుకునే చీకటి ఆ అక్షాంశంలో ఆ రోజుల్లో రానే రాదు. రాత్రంతా నియంత్రణ అంటే నికరంగా నాలుగైదు గంటల మసక. ఏడాది మొత్తంలో ఇంత పొట్టి రాత్రిని ఎందుకు ఎంచుకున్నారని అడిగాను.

“గడ్డి కోశాం, అందుకు” అన్నారు.

ఇందులో నిజం ఉంది. జూన్‌లో గోధుమ, బార్లీ ఏపుగా నిలిచి ఉంటాయి. వాటిలోకి నక్క కాదు కదా, గొర్రె దూరినా కనిపించదు. కోత అయిన గడ్డి నేల ఒక్కటే బోసిగా ఉంటుంది. గూళ్లు చెదిరిన ఎలుకలు, పురుగులు, వానపాములు అక్కడ దొరుకుతాయి. వాటికోసం నక్క వస్తుంది. నక్కకోసం మనిషి వస్తాడు. మనిషి కోసం కంటికి సరిగా ఆనని ఒక కుట్టే పురుగు వస్తుంది. ఆ రాత్రి ఈ గొలుసులో నా కళ్ల ముందు కడుపు నిండినది ఆ పురుగుకు మాత్రమే.

చట్టం సంగతి చెప్పకుండా ముందుకు వెళ్తే ఆ దేశానికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. గుర్రాలెక్కి, కుక్కల గుంపుతో నక్కను తరిమే ఆచారం మీద లార్డ్ బర్న్స్ అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేశారు. అది 2000లో నివేదిక ఇచ్చింది. కుక్కలు తరిమి చంపడం నక్క సంక్షేమానికి తీవ్రమైన భంగం కలిగిస్తుందని అందులో రాశారు. సంక్షేమానికి! శవాన్ని పరీక్షించి “ఆరోగ్యం అంత బాగాలేదు” అని చీటీ రాసిచ్చే వైద్యుడు మాత్రమే ఇంత ఆచితూచి మాట్లాడగలడు. ఆ తరువాత వేట చట్టం 2004లో వచ్చి, 2005 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలైంది. ఈలోగా పార్లమెంటులో ఈ విషయం మీద 700 గంటలకు పైగా చర్చ జరిగిందని లెక్కగట్టారు. ఫలితంగా కుక్కల గుంపుతో తరిమితే నేరం. తుపాకీకి ఎదురుగా నక్కను పొదలోంచి లేపడానికి మాత్రం, తగిన షరతులతో, రెండు కుక్కల దాకా పరవాలేదు. మూడో కుక్క ఇంటి దగ్గర ఉండాలి. నా మిత్రుడికి ఉన్నది ఒకటే కుక్క. అది చట్టాన్ని అతిక్రమించే వయసు దాటిపోయి, ఆ రాత్రి వంటింట్లో పడుకుంది. జింకను ఫలానా నెలల్లో కాల్చకూడదని నిషేధం ఉంది. బొరియల్లో ఉండే బాడ్జర్ అనే జంతువుకు 1992 నాటి సొంత చట్టం ఉంది. నక్కను ఏ నెలలోనైనా కాల్చవచ్చు. దాని వాటాకు 700 గంటల చర్చ దక్కింది.

ఇంతకీ నక్క చేసిన నేరం ఏమిటని అడిగాను. “గొర్రెపిల్లలు” అన్నారు. గట్టు పక్కనే ఉన్నాయి, చూశాను. వసంతంలో పుట్టిన ఆ పిల్లలు జూన్ నాటికి నక్కకు మూడు నాలుగింతలు పెరిగాయి. ఒకటి నన్నే కుమ్మబోయింది. అదే బర్న్స్ నివేదిక ప్రకారం, మామూలుగా బతకవలసిన గొర్రెపిల్లల్లో నక్కల వల్ల పోయేవి నూటికి రెండు కన్నా తక్కువ. చలి, తడి, ఆకలి, రోగం కూడా పిల్లలను తీసుకుపోతాయి కానీ వీటిలో దేనికీ తోక లేదు, స్కోపులో కనిపించవు.

“మరి కోళ్లు?” అన్నారాయన. కోళ్ల విషయంలో నక్క నడవడిక మంచిది కాదని నేనూ ఒప్పుకుంటాను. గూట్లో దూరితే ఒకదానితో ఆగదు. అందినన్నిటినీ చంపి, మోయగలిగింది మోసుకుపోతుంది. అయితే సాయంత్రం గూటి తలుపు వేస్తే సరిపోతుంది కదా?

“వేస్తాం.”

“మరి?”

“ఎప్పుడైనా మరిచిపోతే?”

ఈ ప్రశ్నకు జవాబుగా ఆయన రెండు మూడు వేల పౌండ్ల స్కోపు కొన్నారు. గడియ ధర నేను అడగలేదు.

పదిన్నరకు గట్టు వెంట తడి గడ్డిలో పడుకున్నాం. మాట్లాడకూడదు, దగ్గకూడదు, ఫోను వెలగకూడదు, గాలికి ఎదురుగా తప్ప కదలకూడదు. ముట్టుకుంటే దద్దుర్లు లేచే ఒక మొక్క ఉంటుంది, మన దురదగొండి స్వభావమే. దాని మీద మోచెయ్యి పెట్టినా అరవకూడదు. ఇద్దరు పెద్దమనుషులను శనివారం రాత్రి నిద్ర మాన్పించి, నోరు మూయించి, చలిలో బోర్లా పడుకోబెట్టగలిగిన జీవి ఆ చుట్టుపక్కల ఎక్కడో హాయిగా తన పని తాను చేసుకుంటోంది. ఎవరు ఎవరిని నియంత్రిస్తున్నారన్న సందేహం నాకు పదకొండింటికే కలిగింది. పుస్తకంలో దానికి గడి లేదు.

ఎలక్ట్రానిక్ పెట్టె గంటసేపు కుందేలులా ఏడ్చింది. ఎవరూ రాలేదు. అప్పుడు నా మిత్రుడు చేతి తొడుగు తీసి, తన చేతి వెనక భాగాన్ని తానే ముద్దుపెట్టుకోసాగారు. ఇది మతిభ్రమణ కాదు. పెదాలు చేతికి గట్టిగా ఆనించి గాలి లోపలికి పీలిస్తే, ఆపదలో ఉన్న కుందేలు చేసే కీచు శబ్దం వస్తుంది. నక్కల వేటగాళ్ల పాత విద్య ఇది; బ్యాటరీలు అక్కర్లేదు. తెలియనివారు చూస్తే మాత్రం అరవై ఏళ్ల గృహస్థుడు నడిరాత్రి మోకాళ్ల మీద కూర్చుని, నక్షత్రాల సాక్షిగా తన చేతిని తానే గాఢంగా ముద్దాడుతున్నాడు. నేను పుస్తకంలో గాలి దిశ రాసుకున్నాను.

నక్క ఆ శబ్దం విన్నా సూటిగా రాదట. చుట్టు తిరిగి, గాలివాలుకు చేరి, ముందు వాసన చూస్తుందట. ఆ రాత్రి గాలి దానికి అందించగలిగిన సమాచారం: తుపాకీ నూనె, టీ, పురుగులు కుట్టకుండా నేను పూసుకున్న మందు, ఒక తెలుగువాడు.

థర్మల్ స్కోపులో లోకం అద్వైతంగా కనిపిస్తుంది. వేడి ఉన్నదంతా తెలుపు, లేనిదంతా నలుపు. జీవుడికీ జడానికీ భేదం లేదు. పగలంతా ఎండ కాచుకున్న రాళ్లు కూడా ప్రాణమున్నట్టే వెలుగుతాయి. 12:50కి మొదటి నక్కను గుర్తించాం. పది నిమిషాలు ఊపిరి బిగబట్టాక అది రాయి అని తేలింది. 1:15కి నిజంగానే ఒకటి కదిలింది, కుందేలు. మా పెట్టె దాని జాతి ఆర్తనాదాన్ని వినిపిస్తూ ఉంటే అది నింపాదిగా గడ్డి మేసింది. 1:40కి బాడ్జర్ వచ్చింది. సొంత చట్టం ఉన్న ప్రాణి కదా, నడకలోనే ఆ ధీమా తెలుస్తోంది.

మధ్యలో ఖాళీ దొరికినప్పుడు గుసగుసగా ఒక సందేహం అడిగాను. వేసవిలో ఒక నక్కను కాలిస్తే ఆ జాగా ఖాళీ అవుతుంది. ఖాళీ జాగాలోకి చోటు వెతుక్కుంటున్న మరో నక్క వచ్చి చేరుతుంది. వసంతంలో ఈతకు నాలుగైదు పిల్లలు పుడతాయి. జూన్‌కు అవి బొరియ వదిలేసి పొలాల్లోకి వచ్చేస్తాయి, చలికాలానికి సొంత చోటు వెతుక్కుంటూ బయలుదేరుతాయి. మరి ఇది ఎప్పటికి తెమిలేను? 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి కుక్కలతో నక్కల వేట దాదాపు ఏడాదిపాటు ఆగిపోయినప్పుడు, పరిశోధకులు పొలాల్లో తిరిగి నక్కల మలాన్ని లెక్కపెట్టారు. నక్కలు పెరిగిన ఆనవాలు లేదని 2002లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో తేల్చారు. అది కుక్కల సంగతి, తుపాకీ సంగతి కాదని నా మిత్రుడు వెంటనే సరిదిద్దారు. న్యాయమే. తుపాకీ వర్గం వారి మలపరిశోధన నా దృష్టికి రాలేదు. అదీకాక ఈ జీవి మన హద్దులను అంతగా పట్టించుకునే రకం కాదు. లండన్‌లో షార్డ్ భవనం కడుతున్న రోజుల్లో, 2011లో, ఒక నక్క 72వ అంతస్తుకు ఎక్కి, పనివాళ్లు వదిలేసిన తిండి తింటూ కాపురం పెట్టింది. నగరంలో అంత ఎత్తున ఇల్లు దొరకడం ఇంకెవరికైనా అయితే నక్క తోక తొక్కినట్టే.

నేల మీద గుడ్లు పెట్టే పక్షుల సంగతి మాత్రం వేరు. మన తీతువుకు దాయాది అయిన లాప్‌వింగ్, వంకర ముక్కు కర్ల్యూ బ్రిటన్‌లో బాగా తగ్గిపోయాయి. వాటి గూళ్లను దోచుకునేవాటిలో నక్క ముఖ్యమైనది. పక్షులను కాపాడేవారే కొన్నిచోట్ల నక్కలను కాలుస్తున్నారు, బాధపడుతూనే. అక్కడ నేను నా వ్యంగ్యం జేబులో పెట్టుకుని పక్కకు తప్పుకుంటాను. మేము పడుకున్న గడ్డిలో తీతువు లేదు, దాని దాయాదీ లేదు.

2:05కి నక్క వచ్చింది. ఈసారి రాయి కాదు. వచ్చి సరిగ్గా దిబ్బ అంచు మీద కూర్చుంది. నా మిత్రుడు రైఫిలు ఊతం మీద పెట్టి, గురి చూసి, వేలు తీసేశారు. నక్క వెనక ఆకాశం తప్ప మరేమీ లేదు. ఆకాశానికి అవతల పక్క ఊరు. గుండు తప్పితే ఆపడానికి వెనక మట్టి లేనిచోట కాల్చకూడదు. ఆ నియమం దగ్గర ఆయన చిన్నమెత్తు కూడా జారలేదు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. నక్క నాలుగు నిమిషాలు అక్కడే కూర్చుంది. వెనక కాలితో చెవి గోక్కుంది. ఆ చోటును అది కావాలని ఎంచుకుందని నేను అనను. కాదని నిరూపించే ఆధారం మాత్రం నా దగ్గర లేదు. ఆ తరువాత లేచి, దిబ్బ దిగి, ఇంటి వైపు పోయింది. మేము అది తిరిగి వస్తుందని గడ్డిలోనే ఉన్నాం.

నాలుగు కాకముందే భరతపక్షులు పాట మొదలుపెట్టాయి. ఆకాశం తెల్లబడింది, తుపాకీ పెట్టెలోకి వెళ్లింది, మేము వంటింట్లోకి వెళ్లాం. నా మిత్రుడి భార్య అప్పటికే లేచి కూర్చుని ఉన్నారు.

“రెండున్నరకు మంచినీళ్లకని లేచాను” అన్నారు. “నక్క వాకిట్లో ఉంది. కుక్క గిన్నెలో నీళ్లు తాగింది. కోళ్లగూడు దగ్గరికి వెళ్లి చూసింది. గడియ వేసి ఉంది, పోయింది. అప్పుడు మీరెక్కడ ఉన్నారు?”

“గట్టు దగ్గర” అన్నారు నా మిత్రుడు.

కుక్క నిద్రలోనే తోక ఒకసారి ఆడించింది.

పుస్తకం నింపే పని మిగిలింది. కనిపించినవి ఒకటా, రెండా అని కొంత చర్చ జరిగింది. ఆవిడకు లైసెన్సు లేదు కాబట్టి ఆమె చూసినది లెక్కలోకి రాదని తేల్చారు. ఒకటి అని రాశాను. నియంత్రించినవి అన్నచోట చిన్న గీత పెట్టాను. వ్యాఖ్యల గడిలో ఏమి రాయమంటారని అడిగాను.

ఆయన తడిసిన బూట్లు విప్పుతూ కాసేపు ఆలోచించారు.

“పరిస్థితి అదుపులోనే ఉందని రాయండి. వచ్చే శనివారం పై పొలంలో గడ్డి కోస్తున్నాం.”