పుస్తకం చదవనివారి నోట మీ కథ

తొలి ఫాంటసీ నవల పూర్తి చేసినవారికి రచయిత తరఫున పుస్తకాన్ని ప్రచురణ సంస్థలకు అమ్మిపెట్టే ఏజెంటుతోనో, సంస్థలోని ఎడిటర్‌తోనో మాట్లాడే అవకాశం రాగానే, చాలామంది లోకం పుట్టుక దగ్గర మొదలుపెడతారు. వెయ్యేళ్ల కిందటి యుద్ధం, ఏడు రాజ్యాలు, ఇద్దరు చంద్రులు, మంత్రవిద్యకున్న పన్నెండు నియమాలు. ఇవన్నీ చెప్పి ఊపిరి తీసుకునేసరికి ఇచ్చిన పది నిమిషాల్లో ఆరు గడిచిపోతాయి. కథానాయిక ఇంకా రంగం మీదికే రాలేదు. ఎదుటివారు మర్యాదకు తల ఊపుతుంటే రచయిత దాన్ని ఆసక్తి అనుకుంటారు.

మాట చాతుర్యం లేకపోవడం వల్ల ఇలా జరుగుతుందని నేననుకోను. ఎదురుగా ఉన్న మనిషిని మెప్పిస్తే పని అయిపోతుందన్న అంచనాలోనే లోపం ఉంది. ఆ మనిషి ఒక పొడవాటి వరుసలో మొదటివారు మాత్రమే. నవల నచ్చితే ఏజెంటు దాని గురించి ఎడిటర్లకు చెప్పాలి. ఎడిటర్‌కు నచ్చితే సంస్థలో జరిగే కొనుగోలు సమావేశంలో చెప్పాలి. అక్కడ అమ్మకాలు, ప్రచారం, జమాఖర్చులు చూసేవారు కూర్చుంటారు. వారిలో అందరూ రాతప్రతిని ఆసాంతం చదివి ఉండరు. ఆ మెట్టు దాటితే అమ్మకాల ప్రతినిధి పుస్తక దుకాణాల వారికి చెప్పాలి. ఆ సీజన్‌లో రాబోయే మిగతా పుస్తకాలన్నిటి నడుమ మీ పుస్తకానికి దక్కేవి కొద్ది క్షణాలే. ఇక విదేశీ హక్కుల సంగతి: అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్, వసంతకాలంలో లండన్ పుస్తక ప్రదర్శనల్లో హక్కుల ప్రతినిధులు అరగంటకొకరి చొప్పున రోజంతా మనుషులను కలుస్తూ, ఒక్కో సమావేశంలో ఎన్నో పుస్తకాల గురించి చెబుతారు.

ఇన్ని గదుల్లో ఎక్కడా రచయిత ఉండరు. పుస్తకం మీద ఆసక్తి కలిగేలా దాన్ని క్లుప్తంగా చెప్పడాన్ని పిచ్ అంటారు. నన్నడిగితే, ఇందరి నోళ్లలో నలిగినా చెడిపోని మాటనే పిచ్ అనాలి. సన్నాహమంతా ఆ మాట కోసమే. గొంతు సవరించుకోవడం, అద్దం ముందు సాధన చేయడం తర్వాతి సంగతులు.

ఈ లెక్కన ఫాంటసీ చరిత్రలో నాకు బాగా నచ్చిన పిచ్ రచయిత చేసింది కాదు, ఒక పదేళ్ల కుర్రవాడు చేసింది. 1936లో లండన్ ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన దగ్గరకు వచ్చిన ఒక రాతప్రతిని కొడుకు రేనర్‌కు ఇచ్చి అభిప్రాయం రాయమన్నారు. ప్రతిఫలం ఒక షిల్లింగు. రేనర్ రాసిన నాలుగు ముక్కల సారాంశం ఇది: సాహసాలకు ఎన్నడూ వెళ్లని ఒక హాబిట్‌ను (పొట్టి మనుషుల్లాంటి కల్పిత జాతివాడు) మాంత్రికుడు, మరుగుజ్జులు కలిసి బయలుదేరదీశారు, కొండను కాపలా కాస్తున్న డ్రాగన్ చచ్చింది, పెద్ద యుద్ధమైంది, అతను ధనవంతుడై ఇల్లు చేరాడు. మ్యాపులుంటే బొమ్మలు అక్కరలేదని, ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు నచ్చుతుందని కూడా రాశాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో 'ద హాబిట్' వెలువడింది. దాని రచయిత టోల్కీన్ అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఆ లోకపు భాషలను, పురాణాలను అల్లుతున్నారు. వాటి గురించి ఆ నివేదికలో ఒక్క ముక్క లేదు. మనిషి, అతని స్వభావానికి విరుద్ధమైన ప్రయాణం, ఫలితం, పాఠకుడు ఎవరు: తండ్రికి కావలసిన నాలుగూ ఉన్నాయి.

మరి మన రచయిత ఏం చెప్పాలి? ఒక నవలను ఊహించుకుందాం. మనుషుల అప్పులు వారి నీడల మీద అక్షరాలై కనిపించే రాజ్యం ఒకటుంది. ఈ ఆలోచన వెనక రచయిత చాలా కట్టి ఉంటారు. నీడలకు ఆ గుణం ఎలా వచ్చింది, ఏ రాజవంశం దాన్ని చట్టంగా మార్చింది, నీడలు చదివేవారి సంఘాలు ఎన్ని, చీకట్లో బతికే తిరుగుబాటుదారులు ఎవరు, ఇలాంటివన్నీ. చెప్పవలసింది మాత్రం ఇంతే:

"అప్పులు మనిషి నీడ మీద రాతలై కనిపించే రాజ్యంలో, ఆ రాతలు చదవడమే వృత్తిగా బతికే ఒక యువతికి తమ్ముడి నీడ మీద ప్రాణంతో తీర్చవలసిన బాకీ కనిపిస్తుంది. దాన్ని చెరిపే విద్య ఆమెకు తెలుసు. చెరిపితే ఆమె నీడ పోతుంది. నీడ లేనివారిని ఆ రాజ్యంలో చట్టం మనుషులుగా లెక్కించదు."

ఇందులో మాయకు సంబంధించిన నియమం ఒక్కటే వచ్చింది, అదీ కథానాయిక దానికి మూల్యం చెల్లించాల్సిన చోట. చరిత్ర లేదు. పేర్లు కూడా లేవు. విన్నవారు వెంటనే అడుగుతారు: బాకీ ఎవరికి? తమ్ముడు చేసిన తప్పేమిటి? నీడ పోయినవాళ్లు ఎక్కడికి వెళ్తారు? రచయిత ఏళ్ల తరబడి కట్టిన లోకమంతా ఆ జవాబుల్లో చోటు వెతుక్కుంటుంది. అడగకముందే చెబితే భారం, అడిగాక చెబితే లోతు. ఫాంటసీ రచయితలకు ఇది మింగుడు పడదు. తమ కష్టంలో సింహభాగం పోసిన చోటునే దాచమంటున్నారని బాధ. దాచమనడం లేదు, రెండో ప్రశ్న దాకా ఆగమంటున్నారు.

అసలు చిక్కు మరొకటి. ఆ నాలుగు వాక్యాలు ఎంత ప్రయత్నించినా రాకపోతే, నింద పిచ్ మీద వేయకూడదు. కథానాయికకు ఏం కావాలో చెప్పలేకపోతున్నామంటే, చాలాసార్లు నవలలో ఆమెకు ఏమీ అక్కరలేదని అర్థం. పదిహేనో అధ్యాయం దాకా ఆమెకు సంఘటనలు జరుగుతూ ఉంటాయి, ఆమె దేన్నీ జరిపించదు. ఎవరో జోస్యం చెబుతారు, ఎవరో ఎత్తుకుపోతారు, ఎవరో రక్షిస్తారు. లోకాన్ని వర్ణించడంలో మునిగిన రచయితకు ఈ ఖాళీ రాస్తున్నప్పుడు కనిపించదు, నాలుగు వాక్యాల్లో చెప్పాల్సి వచ్చినప్పుడు కప్పిపుచ్చడానికి వీలుండదు. అప్పుడు చేయవలసింది మాటలు చెక్కడం కాదు, రాతప్రతి దగ్గరకు తిరిగి వెళ్లడం. సమాచార గ్రంథాలను నమూనా అధ్యాయాలతో, ప్రతిపాదనతో అమ్మవచ్చు. తొలి నవలను మాత్రం పూర్తి చేశాకే చూపించాలన్న ఆనవాయితీ ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. సగం రాసిన నవలకు అందమైన పిచ్ తయారు చేయడం ఎంత తేలికో ఆ వ్యాపారంలో ఉన్నవారికి బాగా తెలుసు.

పిచ్ నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఫాంటసీ చదివే అలవాటు లేని ఒకరికి చెప్పండి. మరునాడు వారినే, మీ ఎదుటే, మూడో మనిషికి చెప్పమనండి. మధ్యలో సవరించకండి, ప్రాణం విలవిలలాడుతుంది, అయినా సవరించకండి. వారు మరిచిపోయినవి సాధారణంగా అక్కరలేనివి. వారు తప్పుగా చెప్పినది మీరు అస్పష్టంగా చెప్పినది. పేర్ల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. నోరు తిరగని పేర్లు మూడు వరుసగా వస్తే మూడో మనిషి దగ్గరకు ఒక్కటీ చేరదు. పిచ్‌లో ఒక్క పేరు ఉంటే చాలు, మిగతావారిని వృత్తితోనో బంధుత్వంతోనో చెప్పవచ్చు.

తమ నవల ఎలాంటిదో తెలియజేయడానికి పేర్కొనే పోలిక పుస్తకాల విషయంలో రచయితలు రెండు తీరులుగా తప్పుతారు. కొందరు కోట్ల ప్రతులు అమ్ముడైన మహాగ్రంథాల సరసన తమదాన్ని నిలబెడతారు. మరికొందరు ఇలాంటిది ఇంతవరకు రాలేదంటారు. మొదటిది అతిశయం. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఈ మధ్య ఎవరేం రాస్తున్నారో చదవలేదని ఒప్పుకున్నట్టే. ఆంగ్ల ప్రచురణ రంగంలో కాంప్స్ అని పిలిచే ఈ పోలికలు నాణ్యతకు కొలబద్దలు కావు. పుస్తకం ఏ అరలో ఉండాలి, ఇంతకుముందు ఏది చదివినవారు దీన్ని తీసుకుంటారు అన్నది అమ్మకాల విభాగానికి చెప్పే సంజ్ఞలు. అందుకే గత మూడు నుంచి ఐదేళ్లలో వచ్చిన రెండు పుస్తకాలు చాలు, వాటిలో ఒకటి కథన స్వరానికి, మరొకటి కథ నిర్మాణానికి. ఎపిక్, అర్బన్, చారిత్రక అంటూ ఫాంటసీలోనే ఉపవిభాగాలున్నాయి. అమెరికాలో విషయాన్ని బట్టి పుస్తకాలకు వేసే బైసాక్ కోడ్‌లలో వీటికి విడివిడి అంకెలే ఉన్నాయి. పెద్దలకా, కౌమార వయసువారికా అన్నదీ తేల్చి చెప్పాలి. అందరికీ నచ్చుతుందనే జవాబు ఏ అరలోనూ ఇమడదు.

నిడివి గురించి క్లుప్తంగా. పెద్దల ఫాంటసీలో తొలి నవలకు ఆంగ్ల ప్రచురణలో సాధారణంగా చెప్పే పరిధి 90,000 నుంచి 1,20,000 పదాలు. రెండు లక్షలు దాటితే కథ వినకముందే కొందరు పక్కన పెడతారు. ఇందులో సాహిత్య విమర్శ ఏమీ లేదు. కాగితం, బైండింగు, రవాణా, పదాల లెక్కన చెల్లించే అనువాదం, 1,20,000 పదాలకు పదమూడు గంటల దాకా సాగే ఆడియో పుస్తకం, ఇవన్నీ ఎడిటర్ కొనుగోలు సమావేశంలో చూపించే లాభనష్టాల పట్టికలోకి వస్తాయి. సిరీస్ గురించి కూడా ఇదే తర్కం. ఏడు సంపుటాల ప్రణాళిక విన్నవారికి ఏడు రెట్ల నష్టభయమే వినిపిస్తుంది. ఈ పుస్తకం తనంతట తాను ముగుస్తుంది, ఆదరణ ఉంటే ముందుకు సాగే వీలుంది అంటే అందరికీ ఊపిరి ఆడుతుంది. ముగింపు నిజంగా ఉంటేనే ఆ మాట అనాలి.

కాగితాల మీది సన్నాహం వేరు, ఎదురెదురుగా కూర్చునేది వేరు. ఏజెంటుకు పుస్తకాన్ని పరిచయం చేస్తూ రాసే క్వెరీ లేఖ ఒక పేజీ, సుమారు 300 పదాలు. అందులో కథ ముగింపు చెప్పరు. కథంతా సంక్షిప్తంగా చెప్పే సినాప్సిస్ ఒకటి రెండు పేజీలు. అందులో ముగింపు తప్పకుండా చెబుతారు. ఈ తేడా తెలియక సినాప్సిస్ చివర ఊరించే ప్రశ్నతో ఆపేవారున్నారు. కథ చివరిదాకా నిలబడుతుందా లేదా అని చూడటానికే అది అడుగుతారు, ఊరింపు అక్కడ చికాకు. నమూనా పేజీలుగా పుస్తకం మొదటి పేజీలనే పంపాలి; మధ్యలోంచి మంచి ఘట్టం ఏరి పంపితే మొదలు బాగాలేదని మీరే చెప్పినట్టు. ఆ మొదటి పేజీలు కథకు శతాబ్దాల ముందు జరిగిన ఉపోద్ఘాతమైతే, పిచ్‌లో విన్న యువతి కోసం చూసేవారికి ఆమె కనిపించదు. ఇక ముఖాముఖిలో పది నిమిషాలు ఇచ్చారంటే రెండు నిమిషాలు చెప్పి మిగతాది వారికి వదిలేయాలి. పూర్తయిందా, నిడివి ఎంత, ఈ కథ మీరే ఎందుకు రాయాలి, ఈ మధ్య ఏం చదివారు అని అడుగుతారు. కంఠస్థం చేసిన పాఠం మధ్యలో ప్రశ్న వస్తే తెగిపోతుంది. కథ తెలిసినవారు చెప్పే తీరులో చెబితే తెగదు.

ఈ పద్ధతి మీద ఒక ఆక్షేపణ ఉంది, అది న్యాయమైనదే. తేలికగా చెప్పగలిగిన పుస్తకాలకే ఇక్కడ దారి దొరుకుతుంది. స్వరం మీద, వాతావరణం మీద, మెల్లగా విప్పుకునే రహస్యం మీద నడిచే నవలకు ఇది అన్యాయం చేస్తుంది. ట్విట్టర్‌లో 280 అక్షరాల్లో నవలను చెప్పించిన పిట్‌మ్యాడ్ లాంటి వేడుకలు ఆ ధోరణిని మరింత పెంచాయి. 2022లో అది ఆగిపోయినా అలవాటు పోలేదు. నేను దీన్ని సమర్థించను. కానీ అటువంటి నవల రాసినవారు చేయగలిగింది ఉంది: సంఘటనకు బదులు ఆ స్వరాన్నే ముందు పెట్టడం, కథకుడు ఎవరో, అతని మాటను ఎందుకు నమ్మకూడదో చెప్పడం. చేయకూడనిది, పిచ్‌కు లొంగేలా నవలను విరిచి కట్టడం. ఇప్పుడు అమ్ముడవుతున్న ధోరణిని చూసి మార్చుకోవడం ఇంకా వృథా. ఒప్పందం నుంచి దుకాణానికి చేరేసరికి సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది.

పిచ్ విన్నవెంటనే డబ్బు అడిగేవారు ఏజెంట్లు కారు. నికరమైన ఏజెంటు చదవడానికి రుసుము తీసుకోరు. పుస్తకం అమ్ముడైతే రచయితకు వచ్చేదాంట్లో స్వదేశీ ఒప్పందాలకు 15 శాతం, విదేశీ హక్కులకు 20 శాతం తీసుకోవడం వాడుక. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం అండతో 1998 నుంచి నడుస్తున్న రైటర్ బివేర్ అనే వేదిక ఇలాంటి మోసాలను బయటపెడుతూనే ఉంది. ఆశ ఎక్కువగా ఉన్నచోట వల వేయడం తేలిక కాబట్టి తొలి రచయితలే ఎక్కువగా చిక్కుతారు.

అంతా సవ్యంగా జరిగి ఏజెంటు మాట్లాడదామని పిలిస్తే, రచయితలు సంతోషంలో ఒక ప్రశ్న మరిచిపోతారు: నా పుస్తకాన్ని ఎడిటర్లకు మీరు ఎలా చెబుతారు? జవాబును జాగ్రత్తగా వినాలి. మీరు నీడలు చదివే యువతి కథ చెప్పారు. వారు చీకటి తిరుగుబాటుదారుల యుద్ధగాథ చెబుతుంటే, ఒకవేళ వారిదే మెరుగైన చూపు కావచ్చు, లేదా వారు వేరే పుస్తకాన్ని అమ్మబోతూ ఉండవచ్చు. ఏదో తేల్చుకోవడానికి సంతకానికి ముందే సమయం. ఒక ఎడిటర్ కాదన్న రాతప్రతిని ఏజెంటును మార్చి మళ్లీ అదే ఎడిటర్ దగ్గరకు తీసుకెళితే రెండోసారి తెరిచి చూడటం అరుదు.